పక్కకు జారే పేర్లు

పేర్లు మళ్ళీ ఎడమపక్కకు జారి తెర అవతల పడ్డాయి. ఆఫీసులకు పట్టికలు కట్టిపెట్టే గళ్ళాయన మౌసు వదిలేసి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పొద్దుటినుంచీ తుడుస్తూనే ఉన్నాడు. అద్దాలు అరిగి ఉల్లిపొరంత పలచనయ్యాయన్నా నమ్మవచ్చు.

అది మందులు దాచే శీతల గిడ్డంగి. గదికొక వరస, గంటకొక గడి, గడిలో ఆ గది చల్లదనం. ఆ పట్టికను తెరమీద చూపించడానికి కంపెనీ చార్టులు గీసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి కొన్నది. గీతలూ గుండ్రాలూ అయితే అది నిద్రలోనైనా గీసిపెడుతుంది. ఇంత పెద్ద పట్టిక గీయమంటే మాత్రం చీపురు చేతికిచ్చిన కొత్తల్లుడిలా మొహం పెడుతుంది. కుడివైపు గంటలు చూద్దామని జరిపితే ఎడమవైపు గదుల పేర్లు కూడా వాటితోపాటే వెళ్ళిపోతాయి. ఇక ఏ అంకె ఏ గదిదో దేవుడికే తెలియాలి.

పక్క బల్ల దగ్గర ఫోనక్క చెక్క స్కేలును తెరకు ఆనించి వరస తప్పకుండా చూస్తోంది. గది వేడెక్కితే మెకానిక్కుకు ఫోను చేసేది ఆవిడే. కిందటి నెల స్కేలు ఒక వరస కిందికి జారింది. మెకానిక్కు బాగున్న గదికి వెళ్ళాడు, పక్కగదిలో మందులు పాడయ్యాయి. ఇంకోసారి తప్పితే ఇంటికేనని మెమో ఇచ్చారు. ఈలోగా పేర్లను నిలబెడదామంటే, గళ్ళాయన కాంట్రాక్టు ఈ సాయంత్రంతో ఆఖరు.

మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు.

"గళ్ళాయనా, గదులన్నీ ఒకేసారి కనబడాలన్నానా? కొన్నే ఉన్నాయేం?"

"తెరలో పట్టినంతవరకే గీస్తుంది సార్. కిందికి జరిపితే మిగతావి వస్తాయి."

"అంటే ఇప్పుడవి లేవా?"

"ఉన్నాయి సార్. గీయలేదంతే."

"గీయనివి ఉన్నాయంటే పెద్దసార్లు ఒప్పుకుంటారా? రేపొస్తున్నారు. గోడమీది తెర నిండిపోవాలి. రంగులు కూడా పడెయ్."

గళ్ళాయన ఇలాంటి మేనేజర్లను ఆఫీసుకొకరి చొప్పున చూశాడు. చిన్నప్పుడు బడిలో గీత వంకరపోని చెయ్యి ఆయనదొక్కటే. మాస్టారు తరగతి మొత్తానికీ మార్జిన్లు ఆయనచేతే కొట్టించేవారు. తన పాఠం రాసుకోబోయే వేళకు గంట కొట్టేవారు. తర్వాతా అంతే. ఎవరి ఆఫీసుకో గళ్ళు కట్టడం, అవి నిండేలోగా లేచిపోవడం. "కట్టినవాటిలో ఒక్కదానిమీదైనా మీ పేరుందా?" అని భార్య అడిగితే, "పెడితే అదీ పక్కకు జారేది" అన్నాడు.

గోడ తెరకు గదులన్నీ ఒకేసారి గీయించాడు. కంప్యూటరు ఆవులించింది, మూలిగింది, చాలాసేపటికి కక్కింది. గళ్ళు ఆవగింజలయ్యాయి. రంగుచీమలు ఊరేగింపుకు బయల్దేరినట్టుంది గాని ఒక్క అంకె కనబడదు. మేనేజరు వెనక్కి వెనక్కి నడిచి, తలుపు తగిలాక ఆగి, "ఇదీ చూపంటే" అని మురిసిపోయాడు.

గళ్ళాయనకు కేక వేయాలనిపించింది. ఆ విసుగులోనే తోచింది: కలిసుంటే నిలవనప్పుడు వేరుకాపురం పెట్టిస్తే సరి. పేర్లకు సన్నటి పట్టిక, గంటలకు వెడల్పు పట్టిక విడివిడిగా గీయించి పక్కపక్కన ఆనించాడు. కిందికి జరిపితే రెండూ కలిసి నడవాలి, పక్కకు జరిపితే గంటలే కదలాలి. అలాగే కదిలాయి. పేర్లు ఉన్నచోటే ఉన్నాయి.

దాన్ని ఫోనక్క కంప్యూటర్లో పెట్టి, ఆవిడ చేతిలో స్కేలు లాక్కున్నాడు.

"ఇటివ్వక్కా. ఇక దీంతో పనిలేదు."

"కన్ను జారితే నా ఉద్యోగం నువ్విస్తావా తమ్ముడూ?"

"నాకే లేదు. చూసి చదువుకో."

సాయంత్రం ఇళ్ళకు వెళ్ళే వేళకు ఎక్కడో కుడిచివర ఒక గడి ఎర్రబడింది. ఆవిడ చెయ్యి స్కేలు కోసం బల్లంతా తడిమి, ఖాళీగా తిరిగొచ్చింది. పేరు ఎదురుగానే ఉంది. ఒకటికి రెండుసార్లు చదువుకుని ఫోను చేసి, చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

"ఈ గదే అక్కా," అన్నాడు మెకానిక్కు. "తలుపు సరిగా పడలేదు. మందులు బాగానే ఉన్నాయి."

"తమ్ముడూ, సరిగ్గా చదివానయ్యా," అంటూ ఆవిడ వెనక్కి తిరిగింది.

కుర్చీ బల్ల కిందికి నెట్టి ఉంది. సంచీ లేదు. లోపలిగదినుంచి మేనేజరు, "గళ్ళాయనా, ఇంకొక్క కాలమ్," అని పిలుస్తున్నాడు. ఎవరూ పలకలేదు. తుడిచిపెట్టిన ఆ బల్లమీద, ఆవిడ వేళ్ళ చెమటకు ఒక అంచు నల్లబడిన చెక్క స్కేలు అడ్డంగా పడి ఉంది.