ఊరంతటికీ ఒకే డ్రమ్ము

నేను ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మును. నలభై లీటర్ల పొట్ట, దాని నిండా తాడు, టార్పాలిన్ పట్టా, ఈల, క్లోరిన్ బిళ్లలు, అగ్గిపెట్టె, బిస్కెట్లు, తిప్పి బిగించే నల్లమూత, నుదుటి మీద తెల్లటి అక్షరాలతో ‘తుఫాను సంసిద్ధత డ్రమ్ము’ అనే బిరుదు. బిరుదు చూసి పెద్దింటి బిడ్డననుకునేరు. విరిగిన బకెట్లూ, చిల్లుపడ్డ మగ్గులూ, కాళ్లూడిన కుర్చీలూ కరిగించి నన్ను పోతపోశారు. నా ఒంట్లో ఎవరింటి స్నానాల గది ఎంత ఉందో నాకే తెలియదు. అయినా మనుషుల్ని రక్షించడానికే పుట్టానని మొదటి రోజు నుంచీ గట్టిగా నమ్మాను.

నాతో పాటు పుట్టిన మరో పద్దెనిమిది డ్రమ్ములతో కలిపి నన్ను గెడ్డపేటకు పంపారు. అటు సముద్రం, ఇటు గెడ్డ. గెడ్డ అంటే ఆ వైపు వాళ్లకు వాగు. దాని మీద మోకాలెత్తు వంతెన ఒకటి, ఊరికి అదొక్కటే దారి. ఇళ్లు పంతొమ్మిది. మగవాళ్లు ఏడాదిలో పది నెలలు గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు పోతారు కాబట్టి ఊళ్లో ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. మమ్మల్ని పంచిన రోజున త్రినాథ్ అనే చిన్న ఉద్యోగి మైకు పట్టుకుని, “తుఫాను వస్తే ఏం చేయాలి?” అని అడిగాడు. ఊరంతా ఏకకంఠంతో, “డ్రమ్ము తెరవాల!” అంది. అని, ఇళ్లకు వెళ్లి, ఆ సాయంత్రమే తెరిచేసింది.

నా తోబుట్టువుల గతి చెప్పాలంటే నోరు రావడం లేదు. ఒకరింట్లో తాడు మేక మెడకెక్కింది. ఒకరింట్లో టార్పాలిన్ పట్టా మీద చేపలు ఎండబెట్టారు. మంచినీళ్లలో వేయాల్సిన క్లోరిన్ బిళ్లలతో తెల్లపంచెలు ఉతికారు. ఈల ఒక ముసలాయన చేతిలో పడింది, టీ కావాల్సినప్పుడల్లా ఊదేవాడు. అప్పయ్య తాత ఇంట్లోనైతే డ్రమ్మును అడ్డంగా పడేసి గడ్డి వేస్తే కోడిపెట్ట అందులోకి దూరి పొదిగింది. తుఫాను రాక ముందే ఊరు సగం రక్షణ వాడేసుకుంది.

నా అదృష్టమో దురదృష్టమో, నేను పారమ్మ ఇంట్లో పడ్డాను. ఆమె నాలోంచి అగ్గిపుల్ల కూడా తీయలేదు. తుఫాను భయంతో అనుకుంటే పొరపాటు. “మంచి సరుకు, వాడితే పాడైపోద్ది” అని ఆమె సిద్ధాంతం. పాత చీరతో నాకు గౌను కుట్టింది. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆమె అత్త గున్నమ్మకు రెండు కాళ్లూ పడిపోయి మంచం మీదే ఉంటుంది. అంతకు ముందు ఏ వస్తువు కావాలన్నా కోడలిని కేకేసే ఆ ముసలమ్మ, నేను వచ్చాక ఆ కేకలు మాని నన్ను తిట్టడం మొదలుపెట్టింది. “నాకు లేని మర్యాద ఈ నీలం గున్నకి!” అనేది. ఏడవలేక నవ్వేది కాదు, నిజంగానే నవ్వేది. అత్తాకోడళ్లు ఒకరినొకరు విడిచి ఒక్క పూట ఉండలేరని నాకు వారం రోజుల్లోనే అర్థమైంది.

రెండేళ్లకు తనిఖీ వచ్చింది. పెద్ద ఆఫీసరు ఇంటింటికీ తిరిగి డ్రమ్ములు చూస్తాడని తెలిసి ఊరు ఊరంతా భుజాలు తడుముకుంది. త్రినాథ్ ముఖం పాలిపోయింది. అన్ని డ్రమ్ములూ నిండుగా ఉన్నాయని అతను అప్పటికే పైకి రాసి పంపేశాడు మరి. చివరికి అందరూ పారమ్మ గుమ్మంలో చేరారు. తన డ్రమ్ము ఊరి పరువు కాపాడబోతోందని ఆమె పొంగిపోయి, గౌను విప్పి నన్ను అప్పగించింది.

ఆ రోజు నా వైభవం చూడాలి! ఆఫీసరు వీధి గుమ్మంలోంచి ఒక ఇంట్లోకి రావడం, చూడటం, మెచ్చుకోవడం, బయటికి వెళ్లడం. ఆయన చెప్పులు తొడుక్కునే లోపల నేను పెరటి దారిన పక్కింట్లోకి చేరడం. పన్నెండో ఇంట్లో ఆయన నన్ను పరకాయించి చూసి, “అన్ని డ్రమ్ములకీ బొట్టు ఒకే చోట ఉందేమిటి?” అన్నాడు.

“ఇక్కడి ఆచారం సార్” అన్నాడు త్రినాథ్, చెమట తుడుచుకుంటూ.

ఆఫీసరు ముచ్చటపడి ఆ ఆచారం గురించి పుస్తకంలో రెండు పేరాలు రాసుకున్నాడు. పద్ధతి ప్రకారం పారమ్మ ఇల్లు ఆఖరిది. కానీ పదిహేడో ఇల్లు దాటగానే ఆయనకు దాహం వేసింది. పారమ్మ అరుగు మీద కొత్త కుండ కనబడి, పద్దెనిమిదో ఇల్లు వదిలేసి నేరుగా అక్కడికి నడిచాడు. నేను పద్దెనిమిదో ఇంట్లో పొయ్యి పక్కన ముస్తాబై ఎదురు చూస్తున్నాను.

“మీ డ్రమ్ము ఏదమ్మా?”

“ఉన్నాది బాబూ, పక్కింటికెల్లింది” అంది పారమ్మ. ఆమెకు అబద్ధమాడటం రాదు.

మంచం మీద గున్నమ్మ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతుంటే, ఆఫీసరు ఎర్ర పెన్ను తీశాడు. తర్వాత, వదిలేసిన ఇంటికీ వెళ్లి నన్ను మెచ్చుకున్నాడు. గెడ్డపేటలో పద్దెనిమిది ఇళ్లు సంసిద్ధం, ఒక్క ఇల్లు అసంసిద్ధం. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క నిండు డ్రమ్ము యజమానురాలికి దక్కిన బిరుదు అది. పారమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ కార్తీకంలోనే తుఫాను వచ్చింది. పొద్దున్నుంచి గాలి ఊళ పెడుతూంటే మధ్యాహ్నానికి గెడ్డ పొంగి వంతెన అంచు తాకింది. అప్పుడొక బస్సు వచ్చింది. త్రినాథ్ కాగితం పట్టుకుని దిగాడు. అసంసిద్ధ కుటుంబాలను మొదటి ట్రిప్పులో తీసుకురావాలని పైనుంచి హుకుం. జాబితాలో గెడ్డపేటకు ఒకే ఇల్లు, ఇద్దరే మనుషులు. ఊళ్లో ఉన్నది అరవై నలుగురు. గున్నమ్మ తప్ప అందరూ వానలో తడుస్తూ బస్సు చుట్టూ మూగారు.

“నువ్వూ, మీ అత్తా ఎక్కండి అప్పా” అన్నాడు త్రినాథ్, అక్కను ఆ వైపు పిలిచే తీరులో. “మిగతావాళ్లు సంసిద్ధం. ఆళ్లది రెండో ట్రిప్పు.”

“రెండో ట్రిప్పుకి వంతెన ఉంటాదేటి?” అంది పారమ్మ.

త్రినాథ్ చేతిలోని కాగితం కేసి చూశాడు. ఆ పద్దెనిమిది ఇళ్లకూ టిక్కులు పెట్టింది అతని చెయ్యే. ఇప్పుడు కాదంటే ఉద్యోగం పోతుంది, అవునంటే ఊరు పోతుంది. కక్కలేక మింగలేక నిలబడ్డాడు.

అప్పుడు గున్నమ్మ గుమ్మంలో వేసిన మంచం మీంచే కేకేసింది. “ఒలే పారమ్మా! నా మంచం ఆ బస్సుకి అడ్డంగా ఎయ్యే. నానెక్కేది ఆకర్నే. నన్ను తొక్కి ఎలా ఎల్తాదో సూత్తాను.”

అత్తను గెడ్డ దాటించడమే పొద్దున్నుంచీ పారమ్మ ధ్యాస. ఆలస్యమైతే ముందు పోయేది నడవలేని ఆ మనిషే. అయినా ఇద్దరు ఆడవాళ్ల సాయంతో మంచాన్ని బస్సు ముందు దించింది. “ఆళ్లు ఎలాంటోళ్లో నిజం రాయి బాబూ” అంది త్రినాథ్‌తో.

నిజం అంత తొందరగా రాలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకావిడ ముందుకొచ్చి, “నా తాడు మేక మెడకున్నాది. కొట్టీ” అంది. త్రినాథ్ ఆ ఇంటి టిక్కు మీద అడ్డగీత గీశాడు, ఆమె పిల్లలతో ఎక్కింది. తర్వాత క్లోరిన్ పంచెల ఇల్లు. తర్వాత చేపల పట్టా. ఈల ముసలాయన ఊదకుండా దాన్ని త్రినాథ్ జేబులో వేసి ఎక్కాడు. అప్పయ్య తాత, “నా డ్రమ్ములో పదకొండు పిల్లలు దిగినాయి” అంటే ఆ ఆపదలోనూ అందరూ నవ్వారు. తప్పు ఒప్పుకోవడమే టిక్కెట్టుగా ఒక ఊరు బస్సెక్కడం నేనెక్కడా వినలేదు. ప్రతి గీతకూ త్రినాథ్ ముఖం తేలికపడుతూ వచ్చింది. ఇంతలో వంతెన మీదికి జానెడు నీళ్లెక్కాయి.

ఇక పారమ్మ వంతు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు నన్ను చంకన పెట్టుకుని ఉంది. త్రినాథ్ కాగితం మీద పెన్ను పెట్టబోయి, నన్ను చూసి ఆగిపోయాడు.

“అప్పా, ఇప్పుడు ఊరి మొత్తానికి సంసిద్ధంగా ఉన్నది నువ్వొక్కర్తివే.”

“అయితే?”

“అసంసిద్ధులకే ఈ ట్రిప్పు.” అతని కళ్లలో నీళ్లు. “ఇప్పుడే పద్దెనిమిది అబద్దాలు కొట్టేసినాను. ఇంకొకటి రాయమనకప్పా.”

డ్రైవరు తల బాదుకున్నాడు. ఆ క్షణంలో నాకు గర్వంగా ఉందంటే నమ్ముతారా? చివరికి ఒక కాగితం నన్ను గుర్తించింది! పారమ్మ నా వంక చూసింది. రెండేళ్లు శుక్రవారం తప్పకుండా బొట్టు పెట్టిన చేతులతో నన్ను నెత్తి మీదికెత్తి, గెడ్డలోకి విసిరేసింది.

“ఇప్పుడు నేదు. నిజమే రాసుకో.”

నీళ్లలో రెండు మునకలేసి తేలేసరికి గున్నమ్మ మంచం వెనక తలుపులోంచి బస్సులోకి ఎక్కుతోంది. బస్సు సగం చక్రాల దాకా నీళ్లు కోసుకుంటూ వంతెన దాటింది. కిటికీలోంచి ముసలమ్మ గొంతు గాలిని చీల్చుకుని వినబడింది. “ఓసి నీ అమ్మ కడుపు కాలా, లోపల బిస్కెట్లయినా తీసినావు కాదేటే!” దానికి పారమ్మ పకపకా నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, మూత బిగుతు కాబట్టి బయటికి రాలేదు.

గెడ్డపేటలో ఆ రాత్రి ఒక్క గోడ నిలవలేదని తర్వాత విన్నాను. మనుషులు మాత్రం అరవై నలుగురూ ఉన్నారు. ‘సంసిద్ధత సున్నా, ప్రాణనష్టం సున్నా, కారణం తెలియడం లేదు’ అని ఆఫీసరు రాశాడట. కారణం గెడ్డలో కొట్టుకుపోయి, ఎవరికో దొరికి, ఇప్పుడు ఈ పాత సామాన్ల కొట్టులో, కరిగించే రోజు కోసం ఎదురు చూస్తోంది. కానీ నిజం చెప్పాలి. కారణం నేను కాదు, నన్ను విసిరేసిన మనిషి. రెండేళ్లు బిడ్డలా చూసుకున్న దాన్ని వదులుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం చాలింది. అది గొప్ప సంగతేనని ఒప్పుకుంటాను. మరీ ఒక్క క్షణమేనా అని మాత్రం ఇంకా కోపంగానే ఉంది.