సూదికి మూత

రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోవలసిన ఖాతూన్‌బీని ఆ పొద్దున ఆగమన్నారు. అనంతపురం నుంచి యశోదమ్మ మేడం వస్తోంది, నర్సులకు సూదుల జాగ్రత్తలు చెబుతుంది. ఆ మండలం ఆసుపత్రిలో నర్సులందరూ అంటే ముగ్గురే. వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్లు అవి. ఎండదెబ్బ తిన్న కూలీలతో వార్డు నిండిపోయి, మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు.

యశోదమ్మ మంచి మనిషే. నిదానంగా చెప్పింది. "వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దండమ్మా. చాలామందికి అప్పుడే గుచ్చుకుంటుంది. నేరుగా గట్టి డబ్బాలో వేసేయండి. ఒకవేళ గుచ్చుకుంటే నోట్లో పెట్టుకోవద్దు, పిండొద్దు. సబ్బునీళ్లతో కడిగి వెంటనే డాక్టరుకు చెప్పండి. ఎయిడ్స్ సోకకుండా వాడే మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు."

"గట్టి డబ్బా యాడుండాది మేడం?" అంది ఖాతూన్‌బీ, బరువెక్కిన కళ్లు నులుముకుంటూ. "మేం అట్టపెట్టెలోనే వేస్తాండాం. గ్లౌజులు కాన్పులకే చాలవు."

యశోదమ్మ మూలనున్న ఫినాయిలు క్యాను వైపు చూపించింది. "ఖాళీ అయిన ఫినాయిలు క్యాను పెట్టుకోండి. గ్లౌజులకు నేను మళ్లీ రాస్తాను. ఇంతకుముందూ రాశాను."

మేడం బస్సెక్కింది. పగటి డ్యూటీకి రావలసిన నర్సు పాఠం విని జ్వరమని ఇంటికి పోయింది. మిగిలింది ఖాతూన్‌బీ, కొత్తగా చేరిన హేమావతి. నిద్ర సంగతి మరిచిపోయి ఖాతూన్‌బీ మళ్లీ వార్డులోకి నడిచింది.

పరీక్షకు నాగన్న అనే మనిషి రక్తం తీయాలి. తాడిపత్రిలో లారీలకు బండలెత్తే కూలీ, ఎండకు పడిపోతే తోటివాళ్లు మోసుకొచ్చారు. నరం దొరికింది, రక్తం సీసాలో పోసింది. ఎడమచేతిలో మూత, కుడిచేతిలో సూది. ఇన్నేళ్లుగా చేస్తున్న పని, చేతులే చేసేశాయి. మూత తప్పింది. సూది బొటనవేలిలో దిగింది.

కుళాయి తిప్పితే గాలే వచ్చింది. కుండలో నీళ్లు ముంచి సబ్బుతో కడుక్కుంది. చెబితే డాక్టరు గొణుగుతాడు, మందుకు అనంతపురం పోవాలి, ఇంట్లో చెప్పుకోవాలి. ఇంతకుముందు గుచ్చుకున్నప్పుడు ఎవరికి చెప్పింది గనక? ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది.

వెనక్కి తిరిగితే హేమావతి నిలబడి ఉంది. అంతా చూసింది.

"చెప్పల్ల కదక్కా?" అంది మెల్లగా.

తాను దాస్తే, రేపు గుచ్చుకున్నా ఈ పిల్ల కూడా ఎప్పటికీ చెప్పదని ఖాతూన్‌బీకి తెలిసింది. "పా, డాక్టరు దగ్గరికి పోదాం," అంది.

డాక్టరు గొణిగాడు, కానీ మందుకు అనంతపురం పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. నాగన్న ఒప్పుకుంటే అతని రక్తానికి ఎయిడ్స్ పరీక్ష కూడా చేయించవచ్చన్నాడు. ఖాతూన్‌బీ మంచం పక్కన కూర్చుని జరిగింది చెప్పి అడిగింది.

"నాకు ఆ జబ్బు ఉండాదంటావా?" నాగన్న మొహం తిప్పుకున్నాడు.

"అట్లా అన్లేదప్పా. నా చేతికి గుచ్చుకునింది. నా భయం నాది."

అతను తల అడ్డంగా ఊపాడు. సెలైను అయిపోగానే లేచి, చెప్పులు చేతబట్టుకుని వెళ్లిపోయాడు.

"తీసిన రక్తం ఉండాది కదక్కా, దాంట్లోనే చూడమంటే?" అంది హేమావతి.

"వద్దులే. అడిగితే కాదన్నాడు."

ఆ సాయంత్రమే ఖాతూన్‌బీ అనంతపురంలో మొదటి మాత్ర మింగింది. నెల వాడాలన్నారు. ఏం తిన్నా కక్కొచ్చేది. భర్త ఇమాం హుస్సేన్ మొదట్లో కసిరాడు. "దుడ్లు తక్కువైనా టైలరు పని నేర్చుకోమంటి, ఇన్నావా?" అన్నాడు. తర్వాత తానే గంజి కాచి పెట్టసాగాడు. ఖాతూన్‌బీ డ్యూటీ మానలేదు, మానితే ఆ పూటకు హేమావతి ఒక్కతే. వార్డు బల్ల మీద ఫినాయిలు క్యాను వచ్చింది. మూత పెట్టడానికి పోయిన చేతిని రోజూ వెనక్కి లాక్కోవలసి వచ్చేది.

మాత్రలు ముగిసే రోజుల్లో హేమావతి పక్కన కూర్చుంది.

"అక్కా, నేను చేరిన కొత్తల్లో నాకూ గుచ్చుకునింది. ఎవురికీ చెప్పలేదు. పొద్దు మునిగితే ఆ భయమే."

ఖాతూన్‌బీ తిట్టలేదు. తిట్టే ఓపిక లేదు. "నాకు మళ్లీ పరీక్ష ఉండాది. ఇద్దరం పోదాంలే," అంది.

పోయారు. రమ్మన్నప్పుడల్లా మళ్లీ పోయారు. చివరిసారి ఇద్దరి రక్తంలోనూ ఏమీ లేదన్నారు. ఆసుపత్రి వరండాలో హేమావతి వెక్కి వెక్కి ఏడ్చింది. ఖాతూన్‌బీకి ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఒళ్లు వదులైంది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే తల ఆనించి నిద్రపోయింది. ఊరొచ్చాక హేమావతి భుజం తట్టి లేపాల్సి వచ్చింది.