చీలని ఏడోది

మంచు గీరుకుంటున్న చప్పుడు.

గది గోడకు అవతల, ఓడ పొట్ట పొడుగునా... గర్... గర్... గర్రు...

కొత్తగా ఎక్కినవాళ్ళకు ఆ చప్పుడుతో నిద్ర రాదు. రైసా మకారొవ్నాకు అది లేకపోతే నిద్ర రాదు.

సెవెర్యాంకా మంచు పగలగొట్టే ఓడ. అది ముందు దారి చేస్తూ పోతుంటే, సరుకు ఓడలు బాతుపిల్లల్లా వెనక వస్తాయి. దాని కడుపులో ఉన్నది అణు రియాక్టరు. అదెంత తిన్నది, ఇంకెంత మిగిలింది – ఆ లెక్క రైసాది. పెళ్ళయి ఉన్నప్పుడూ ఆమెదే, మొగుడు పెట్టె సర్దుకుని పోయాకా ఆమెదే.

వేసవి. కారా సముద్రం మీద సూర్యుడు కుంకడం మానేశాడు. ఎప్పుడు చూసినా వెలుగే. కాసేపు ఏడుద్దామన్నా చీకటి లేదు.

ఓడలో ఇంధనాన్ని రొట్టె అంటారు. బయల్దేరిన రోజు, భోజనాల గదిలో, నిమ్మచెక్క వేసిన టీ తాగుతూ, అందరి ముందూ కెప్టెన్ అడగాలి – రొట్టె ఎంత ఉంది? రైసా నోటిలెక్కన చెప్పాలి. కాగితం పట్టకూడదు. అది వాళ్ళ ఆనవాయితీ. అసలు లెక్క తర్వాత, తీరిగ్గా చేసుకోవచ్చు.

నోటిలెక్క ఎంతసేపు! ఒక గ్రాము యురేనియం చీలితే వెయ్యి కిలోవాట్ల వేడి, ఇంచుమించు ఒక రోజంతా. టన్నులకొద్దీ బొగ్గు చేసే పని అది, చిటికెడు చేస్తుంది. ఇన్నేళ్ళలో ఎంత వేడి తీశామో గుర్తుంటే చాలు. దాన్ని గ్రాముల్లోకి మార్చాలి. ఎక్కించినదాంట్లోంచి తీసేయాలి.

ఈసారీ అలాగే తీసేసింది.

"వచ్చే చలికాలానిక్కూడా సరిపోతుంది," అంది.

గది గదంతా లేచి నిలబడింది. ఎందుకంటే ఇది ఆఖరి రొట్టె. ఇది అయిపోతే కొత్తది పెట్టరు. ఓడను ముర్మాన్స్క్ రేవులో కట్టేస్తారు, ఇక కదలదు. ఇంకో చలికాలం ఉందనేసరికి కుర్రాళ్ళు ఈలలు వేశారు. కెప్టెన్ గ్లెబ్ నికనోరొవిచ్ తన టీలోని నిమ్మచెక్క తీసి ఆమె గ్లాసులో వేశాడు. ఆయన మెచ్చుకోలు అంతే, అంతకు మించి ఎప్పుడూ రాదు.

రైసా సంతోషం ఎవరికీ తెలీదు. ముర్మాన్స్క్‌లో ఆమెకో గది ఉంది. ఒక మంచం, ఒక కుర్చీ. రెండో కుర్చీ ఎందుకని కొనలేదు. పలకరించే నోరు లేదు. అక్కడ ఆమె బతకదు, ఓడ మళ్ళీ ఎప్పుడు కదులుతుందా అని కూర్చుంటుంది.

ఇంకో చలికాలం...

సరుకు ఓడల్ని సాగనంపి, వట్టి ఓడ ఇంటిదారి పట్టాక, అసలు లెక్కకు కూర్చుంది.

పెన్సిలు ఒకచోట ఆగిపోయింది.

గ్రాము చీలితే ఒక రోజు. నిజమే. కానీ చీలినవే కదా వేడి ఇచ్చేది. చీలనివో?

న్యూట్రాన్ దెబ్బ తగిలిన ప్రతి పరమాణువూ చీలదు. ఏడింటికి దెబ్బ తగిలితే ఆరు చీలతాయి, వేడినిస్తాయి. ఏడోది చీలదు. దెబ్బను మింగేసి ఊరుకుంటుంది. ఓడను అంగుళం కూడా నడపదు. అయినా ఖర్చయిపోయినట్టే... మళ్ళీ మంటకు పనికిరాదు.

ఆ ఏడోదాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోనిది. ఈసారి మనసు చలికాలం కావాలంది, నోరు ఇచ్చేసింది. అంతే జరిగింది.

మళ్ళీ వేసింది. రొట్టె అడుగంటింది. ఇల్లు చేరడానికి సరిపోతుంది, పైన ఇంకాస్త. చలికాలానికి చాలదు.

చెప్పకపోతే?

ఆ ఆలోచన వచ్చింది. రాలేదంటే అబద్ధం. అరగ్లాసు టీ చల్లారేదాకా దాంతోనే కూర్చుంది.

కానీ రైసాకు ఇంకోటి కూడా తెలుసు. చలికాలం నడిమంచులో రియాక్టరు ఒక్కసారి ఆగిందంటే, లోపల మంటను నొక్కేసే ఒక విషం ఊరుతుంది. రొట్టె దండిగా ఉంటే రియాక్టరు దాన్ని నెట్టుకుని లేస్తుంది. అడుగంటితే లేవలేదు. విషం దానంతటది తగ్గేదాకా, రెండు రోజులో ఇంకా ఎక్కువో, పడి ఉండాల్సిందే. ఆలోగా మంచు ఊరుకోదు. వెనక బాతుపిల్లలు ఉంటాయి. వాటిలో మనుషులుంటారు.

లేచి వెళ్ళి చెప్పేసింది.

గ్లెబ్ నికనోరొవిచ్ కిటికీలోంచి మంచును చూస్తూ విన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు. భార్య పోయిన ఏటి నుంచి ఆయన కూడా సెలవుల్లో ఓడ దిగడం లేదు.

ఇటు తిరక్కుండానే అడిగాడు.

"రైసా మకారొవ్నా... నెమ్మదిగా పోతే, ఈ రొట్టెతో ఎన్నాళ్ళు సముద్రం మీద ఉండగలం?"

ఈ లెక్కను లోకంలో ఇంకెవరూ అడగరు.

"సగం మంటతో పోతే రెట్టింపు రోజులండీ."

రేవులో చోటు లేదనొచ్చు, మంచు ఎక్కువగా ఉందనొచ్చు, ఎవరొచ్చి కొలుస్తారు అన్నాడాయన. మిగిలిన రొట్టె ఎలాగూ తీసి పారేసేదేగా అన్నాడు. తనలో తనే గొణుక్కుంటున్నట్టు అన్నాడు.

"మీరే చెప్పండి. మీరు ఎంతంటే అంత."

ఆలోచించుకుని చెప్తానంది. మెట్లు దిగింది. కాళ్ళు వంటగదికి తీసుకుపోయాయి.

వంటమనిషి ప్రస్కోవ్యా గంపెడు బంగాళాదుంపలు ముందేసుకుని కూర్చుంది. ఒక్కతే నవ్వుకుంటోంది. కూతురికి కాన్పయిందట, మగపిల్లాడట, రేడియోగదిలోంచి ఇందాకే కబురొచ్చిందట. బారసాల తనొచ్చాకే అని పట్టుబట్టి కూర్చున్నారట, పిచ్చిమొహాలు. బాయిలర్ల దగ్గర పనిచేసే ఇగ్నాత్ పెళ్ళాం అప్పుడే రేవు చుట్టూ తిరుగుతోందట.

"ఏమ్మా లెక్కల తల్లీ, ఎప్పుడు చేరుస్తావ్ మమ్మల్ని?"

రైసా ఆమె చేతుల్నే చూస్తూ నిలబడింది. తొక్క తెగకుండా దిగుతోంది, పొడుగ్గా. ఈ మనిషి ఓడలో ఉన్నన్నాళ్ళూ ఇంటిని తలుచుకుంటూనే ఉంటుంది. తను ఓడలో ఉన్నన్నాళ్ళూ ఇంటిని మరిచిపోయే ఉంటుంది. ఇద్దరూ ఒకే రొట్టె మీద పోతున్నారు.

గోడకున్న ఫోను అందుకుంది.

"గ్లెబ్ నికనోరొవిచ్... పూర్తి వేగం పెట్టండి."

అవతల ఊపిరి వినిపించింది. తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు.

కాసేపటికి నేల అదరడం మొదలుపెట్టింది. అరలో గిన్నెలు ఒకదాన్నొకటి తట్టుకున్నాయి. ప్రస్కోవ్యా తల ఎత్తి పకపకా నవ్వింది.

"అబ్బో, ఏం తొందర! రేవులో నీకోసం ఎవరొస్తున్నారేంటి?"

వస్తారులే అనేది ఎప్పుడూ. ఏళ్ళ తరబడి అదే అంది, అందరూ నమ్మారు. ఈసారి నోరు తిరగలేదు.

"ఎవరూ రారు, ప్రస్కోవ్యా."

కత్తి ఆగింది.

"మరి నీకెందుకమ్మా ఇంత తొందర?"

రైసా ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని కూర్చుంది. గంపలోంచి ఒక దుంప తీసుకుని, చెయ్యి చాపి, ఇంకో కత్తి ఉందా అని అడిగింది.