ఇనుప కడియం మీద ఒట్టు

సుగుణమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఒళ్లో పిల్ల నోరు తిరిగి నాయనా అని పిలవకముందే, పిలిపించుకోవలసినవాడు పోతాడేమోనని.

ఆ భయం ఒక ఆదివారం పుట్టింది. మిర్యాలగూడలో కొత్తగా కడుతున్న బియ్యం మిల్లుకు కూలికి పోయిన ఆమె మొగుడు అబ్రహాం, ప్రార్థనకని కోదాడలో ఇంటికి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే దగ్గు. కనుబొమల్లో ఇంకా సున్నం తెల్లగా ఉంది. బొటనవేలి కొసన మాత్రం నల్లగా కాలిన మచ్చ.

"ఏందయ్యా గిది?"

"ఏం లేదే. గోడకాడ సోకు కొట్టింది. ఎవడో ఎత్తి ఇసిరేసినట్టు గంత దూరం పడ్డ," అని నవ్వి, పిల్లను ఎత్తుకుని, మళ్లీ దగ్గాడు.

సోకు అనగానే సుగుణమ్మ గాలి, దయ్యం అనుకుంది. నాలుగో తరగతిలోనే ఆమెను బడి మానిపించారు. గాలి గురించి పుస్తకంలో ఏదో చదివినట్టు గుర్తే గానీ, గాలి సోకితే ఏం చేయాలో ఆ పాఠంలో లేదు. అందుకని అత్త దగ్గరకు పరుగెత్తింది.

"అత్తా, నీ కొడుక్కు గోడకాడ గాలి సోకిందట!"

ముత్తమ్మ చింతపండులో గింజలు తీస్తూ తల ఎత్తలేదు. "ఏ గోరీల మీద కడుతున్నరో ఏమో. అయ్యగారితోని ప్రార్థన చేయించు. ఇనుము గూడ దగ్గరుంటే మంచిది. నువ్వు బాలింతగున్నప్పుడు తలకింద కొడవలి పెట్టలేదా?"

"నేనేమన్న బాలింతనానే అమ్మా?" అన్నాడు వెనకే వచ్చిన అబ్రహాం.

సుగుణమ్మ ఆ మాట విననట్టే పెట్టె తెరిచి, చనిపోయిన మామ తొడుక్కున్న ఇనుప కడియం తీసి మొగుడి చేతికి ఎక్కించింది. దగ్గుకు కూడా ఒక ఉపాయం ఆలోచించింది. సున్నం జల్లెడ పట్టేటప్పుడు ముక్కుకు తడి తువ్వాల కట్టుకొమ్మంది. ఆ తర్వాత అతని అరచేతిని పిల్ల నెత్తిన పెట్టింది.

"రెండూ తియ్యనని పిల్ల మీద ఒట్టెయ్యి."

అబ్రహాం కాసేపు నసిగి, చివరికి ఒట్టు వేశాడు.

ఆ వారం మధ్యలో, అదే మిల్లులో రాళ్లు మోసే జానయ్య, తన తల్లికి జ్వరమని కోదాడ వచ్చాడు. సుగుణమ్మను పలకరించడానికి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం వదినా, మా అన్నకు గాజులు తొడిగినవట! గాడ అందరు పెళ్లికూతురని పిలుస్తున్రు."

"నవ్వకు జానయ్యా. గాలి సోకినంక నేనేం చెయ్యాలె?"

"గాలెక్కడిది? సోకంటే కరెంటు వదినా! ఇంజనుకాడ నుంచి తీగల వస్తది గద, గది కొట్టుడు. సూర్యాపేట నుంచి వచ్చిన కరెంటు మేస్త్రి షాకు అంటడు. మాకు నోరు తిరగక సోకంటం." అంటూనే అతని నవ్వు ఆగిపోయింది. "గా కడియం ఇనుముదా?"

"మరి ఇనుముదే."

"అయ్యో! తీగకాడికి ఇనుముతోని పోవద్దు, తడి తగలనియ్యొద్దు, కాళ్లకింద ఎండిన చెక్క ఏసుకోండ్రి అని మేస్త్రి మొదటి దినమే చెప్పిండు. అన్నను గూడ కడియం తియ్యమన్నడు. ఒట్టేసిన, తియ్యనంటడు."

"తడి తువ్వాలో?"

"సున్నం దుమ్ముకు గదే మంచిది. గని నీళ్లు కారుకుంట తీగకిందికి పోతే..." జానయ్య తల గోక్కున్నాడు. "ఏమో వదినా. నాకు గూడ సక్కగ తెల్వది."

ఇనుము దయ్యాన్ని ఆపుతుంది, కరెంటును రమ్మంటుంది. తడి దుమ్మును ఆపుతుంది, అదీ కరెంటునే రమ్మంటుంది. తువ్వాల తీస్తే ఊపిరికి కష్టం, ఉంచితే ప్రాణానికి. పోనీ కడియం తీసెయ్యమంటే, నిజంగానే గోడ దగ్గర గాలి ఉండి ఉంటేనో? కాలిన మచ్చ గాలి చేస్తుందా? అత్తను అడిగితే, "గాలి, కరెంటు రెండూ ఉన్నయేమో పిల్లా," అని మరో ముడి వేసింది.

ఒకటి మాత్రం సుగుణమ్మకు అర్థమైంది. ఒట్టు వేయించింది తను. ఆ ఒట్టు తను తీస్తే తప్ప ఆ మొండి మనిషి చేతి కడియం రాదు. పిల్లను చంకన వేసుకుని బస్సెక్కింది.

సగం దారిలో వాగు పొంగి బస్సు ఆగిపోయింది. మగవాళ్లు ధోవతులు ఎగగట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నీళ్లలో దిగారు. చంటిపిల్లతో ఆమె దిగలేకపోయింది. ఒడ్డున నిలబడి ఒక పెద్దమనిషిని బతిమాలింది.

"అన్నా, మిర్యాలగూడల కొత్త మిల్లుకాడ అబ్రహామని ఉంటడు, జర చూడరాదా."

"గంత మందిల ఎట్ల గుర్తుపట్టాలె తల్లీ?"

"చేతికి ఇనుప కడియం ఉంటది." అని నాలుక కరుచుకుంది. "లేకుంటేనే మంచిది."

"కడియం లేకుంటే మరెట్ల?"

"దగ్గుతుంటడు."

"సున్నంకాడ దగ్గనోడెవడు బిడ్డా?" అంటూ ఆయన నీళ్లలోకి దిగాడు. ఆయనకు పేరన్నా గుర్తుంటుందో లేదో. సుగుణమ్మ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి, ఒట్టు తీసి గట్టున పెడుతున్నానని వాగుకు వినబడేలా అరిచింది. కానీ వాగు ఇవతల తీసిన ఒట్టు అవతల చెల్లుతుందా? అదీ ఆమెకు తెలియలేదు.

నీళ్లు ఇంకా తగ్గలేదు. మీలో ఎవరైనా ఆ దారిన మిర్యాలగూడ పోతుంటే మిల్లు దగ్గర కాస్త ఆగండి. సున్నం జల్లెడ పట్టేచోట కోదాడ అబ్రహాం ఎవరని అడగండి. సుగుణమ్మ ఒట్టు తీసేసిందని చెప్పి, కడియం మీ ఎదుటే తీయించండి. తువ్వాల గట్టిగా పిండి కట్టుకొమ్మనండి. ముందుగా మాత్రం, మనిషి బాగున్నాడో లేడో ఒక్కసారి చూడండి.