తలుపుకు కట్టే గొర్రె గంట

బోర్గ్‌హిల్డ్‌కి నిద్ర పట్టకపోవడం కాదు బాధ. పట్టేది, బాగానే పట్టేది. తెల్లారి లేచాక మాత్రం రాత్రంతా రేవులో చేపల పెట్టెలు మోసినట్టు ఒళ్లు హూనమయ్యేది. పైగా ఆ నిద్ర మధ్యలో చటుక్కున లేచి గుండెలవిసేలా అరిచేది. ఒక్కోసారి తలుపు తీసుకుని పరుగెత్తేది కూడా. ఏం చూసి భయపడిందో తనకే గుర్తుండేది కాదు.

పెళ్లయిన కొత్తలోనే ఆమె భర్త స్వెర్రె పడకగది తలుపుకి గొర్రె మెడలో కట్టే గంట ఒకటి తెచ్చి కట్టాడు. అది మోగితే లేచి వెళ్లేవాడు. కుదిపేవాడు కాదు, గట్టిగా పిలిచేవాడూ కాదు. "గొర్రెలన్నీ లోపలే ఉన్నాయిలే" అని మెల్లగా చెప్పి తీసుకొచ్చి పడుకోబెట్టేవాడు. ఎంత మంచివాడో! ఆయన పోయాక ఆ గంట సామాన్ల కొట్టులోకి చేరింది.

ఇప్పుడు కూతురు తూరా తనింటికొచ్చి ఉండమని ఒకటే పోరు. అల్లుడు చేపల వేటకి సముద్రం మీదికి పోతే వారాల తరబడి రాడు. ఇంట్లో తూరా, పాలు తాగే పసివాడు మాగ్నే, అంతే. "నా కోళ్లనెవరు చూస్తారే?" అని బోర్గ్‌హిల్డ్ దాటేసేది. అసలు భయం వేరు. తన కేకకి ఆ పసివాడు దడుచుకుని, ఇక జన్మలో తన ఒళ్లోకి రాకపోతే? ఈ జబ్బు సంగతి కూతురికి తెలియదనే ఆమె అనుకునేది. చిన్నప్పుడు తూరా పడుకుంటే ఇల్లు కూలినా లేచేది కాదు మరి.

ఆ ఆదివారం బోర్గ్‌హిల్డ్ కూతురింటికి కాఫీకి వెళ్లింది. తన పొరుగింటి ఓస్లౌగ్ కూడా వెంట వచ్చి కూర్చుంది. తూరా పిల్లాడికి ఉన్ని బట్టలు తొడిగి, తోపుడు బండిలో పడుకోబెట్టి, ఎప్పటిలాగే పగటి నిద్రకి బయట వరండాలో పెట్టింది. మంచు పడినా సరే, ఆ చలిదేశంలో పిల్లల పగటి నిద్ర చల్లగాలిలోనే. వాడు కదిలితే వంటింట్లోకి వినిపించేలా బండిలో రేడియోలాంటి ఒక చిన్న పెట్టె పెట్టింది.

"కాసేపు ఎండలో కూర్చుంటానే" అని బోర్గ్‌హిల్డ్ గొర్రెతోలు కప్పుకుని బండి పక్కన బల్లమీద కూర్చుంది. ముఖం మీద ఎండ, పక్కన పసివాడి ఊపిరి. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు.

"గొర్రెలన్నీ లోపలే ఉన్నాయమ్మా."

ఆ మాటకి తెలివొచ్చింది. చూస్తే తను బండికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. గొంతు మండుతోంది. గుమ్మంలో తూరా, వెనక సగం తిన్న వాఫుల్ అట్టుతో ఓస్లౌగ్.

"ఆ పెట్టెలోంచి వచ్చిన నీ కేకకి కాఫీ అంతా ఒళ్లో పోసుకున్నానే తల్లీ!" అంది ఓస్లౌగ్. "సముద్రంలో పడవలు కూడా వెనక్కి తిరిగుంటాయి."

బోర్గ్‌హిల్డ్ ముఖం పాలిపోయింది. "పిల్లాడు? దడుచుకున్నాడా?"

ముగ్గురూ వంగి చూశారు. వాడు రెండు పిడికిళ్లూ చెవుల దగ్గర పెట్టుకుని, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"నా కొడుకే" అంది తూరా మురిపెంగా.

"ఆ మాట... మీ నాన్న మాట నీకెలా తెలుసే?"

"గోడవతలే కదమ్మా పడుకునేదాన్ని. నువ్వు అరవడం, గంట మోగడం, నాన్న మాట. అవి వినబడితే, హమ్మయ్య, అందరూ ఇంట్లోనే ఉన్నారని అటు తిరిగి పడుకునేదాన్ని. చదువుకని పట్నం పోతే ఆ నిశ్శబ్దానికి నాకు నిద్రే పట్టలేదు, తెలుసా?"

బోర్గ్‌హిల్డ్ బల్లమీద కూలబడింది. ఇన్నేళ్లూ దాచుకున్నదంతా దాగనే లేదన్నమాట. సిగ్గు రావలసింది, ఏడుపొచ్చింది.

"నీ దగ్గరికొచ్చినా పొద్దున్నే నేనెందుకూ పనికిరానే. మొద్దులా కూర్చుంటాను."

"వీడు పుట్టాక నేనూ అంతేగా. ఇద్దరం మొద్దుల్లా కూర్చుని కాఫీ తాగుదాం."

"కోళ్లని నేను చూస్తాలేవే. నీకంటే తక్కువే అరుస్తాయి" అంది ఓస్లౌగ్.

బోర్గ్‌హిల్డ్ నవ్వి, కొంగలా మెడ చాచి పిల్లాణ్ణి మళ్లీ ఓసారి చూసుకుంది. ఉన్ని టోపీ సర్దింది.

"గంట కొట్టులో, పాత వలల కింద ఉందే" అంది చివరికి. "తాడు మాత్రం కొత్తది కట్టు."