ఊఫ్ తాత

కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి, దాని మీద ఐదేళ్ళ బుడంకాయని కూర్చోబెట్టి, ఊఫ్ తాత వాడి చెవి వెనక కత్తెర ఆడిస్తున్నాడు. వాడు తుమ్మాడు. సూటిగా తాత మొహం మీదే.

"ఒరేయ్, నా మీసం ఎగిరిపోయిందిరా! కిందెక్కడుందో చూసి పెట్టు."

ఆ వెర్రిబాగులోడు నిజంగానే తల వంచి వెతికాడు. ఆ సందులో తాత మెడ వెనక గబగబా కోసేసి, బుగ్గలుబ్బించి "ఊఫ్" అని ఊదాడు. వెంట్రుకలెగిరాయి, వాడు కితకితలకి మెలికలు తిరిగిపోయాడు. కొట్లో బ్రష్షు లేక కాదు, మేకుకి రెండు వేలాడుతున్నాయి. పసిమెడకి అవి గుచ్చుకుంటాయట! ముప్ఫయ్యేళ్ళుగా ఇదే వరస. అసలు పేరేంటో పెళ్ళాన్ని అడిగినా కాసేపు ఆలోచించుకోవాలి.

బడులు తెరిచే వారం. పొద్దున్నించీ తొమ్మిది తలలు, అందులో ఆరు ముక్కులు కారుతున్నవే. తాతకీ ఆరు రోజులుగా జలుబు. మంచమెక్కేంత కాదు, పని ఎగ్గొట్టడానికి సాకుగా కూడా చాలదు. దగ్గుతాడు, వేడినీళ్ళు తాగుతాడు, మళ్ళీ కత్తెర పడతాడు.

పోస్టుమాన్ గడ్డానికి నురుగు పూస్తుంటే ఫోను మోగింది. పురిటికొచ్చిన కూతురు.

"నాన్నా, పాప పాలు తాగట్లేదు. ఊపిరి అదోలా తీస్తోంది."

"ముక్కు పట్టేసుంటుందిలే తల్లీ. మూడ్రోజుల్నించీ ఉన్నదేగా. అమ్మమ్మ పోలిక, అన్నీ నాటకాలే..."

"ఏడుద్దామన్నా ఏడుపు రావట్లేదు నాన్నా దానికి."

తాత నురుగు బ్రష్షు అక్కడే పడేశాడు. పోస్టుమాన్‌ని నురుగు మొహంతో అలాగే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

యాభై రోజుల పిల్ల. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ముక్కు పుటాలు ఎగురుతున్నాయి, పెదాల చుట్టూ నీలం. ఊపిర్లు లెక్కపెడదామని చూశాడు. అందలేదు.

వీధి చివర ఆసుపత్రిలో పాప ముక్కుకి సన్నటి గొట్టం పెట్టారు. డాక్టరమ్మ అడిగింది: "ఇంట్లో ఎవరికైనా జలుబుందా?"

భార్య తాత వైపు చూసింది. కూతురు చూడలేదు. తాతకి జలుబు మొదలైన రోజు సాయంత్రం పాప నుదుటి మీద ఆయన "ఊఫ్" అంటే, ఆ బోసినోరు మొదటిసారి నవ్వింది. "మళ్ళీ ఊదు నాన్నా, మళ్ళీ!" అంది కూతురే. పదిసార్లు ఊదాడు.

"నాకేనండీ. కానీ ఇది ఉత్త జలుబే కదండీ?"

"మీకు జలుబే. బడికెళ్ళే పిల్లలకీ చాలావరకు జలుబే. దీని ఊపిరి గొట్టాలు అగ్గిపుల్లంత సన్నం. కాస్త వాచినా, కఫం పట్టినా మూసుకుపోతాయి." డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రాత్రికి ఊపిరాడించే మిషను మీద పెట్టాల్సి రావచ్చు. అది పెద్దాసుపత్రిలోనే ఉంది. బండి పిలిచాను."

తాత తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి జరిగాడు. దగ్గొస్తోంది. బిగబట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊళ్ళో పిల్లలందర్నీ కుర్చీ మీద కదలకుండా కూర్చోబెట్టిన మనిషికి తన దగ్గే మాట వినట్లేదు. ఇప్పుడు గాలి వదిలినా భయమే.

బండి వచ్చింది. పాపని గొట్టంతో సహా ఎత్తుకుని కూతురు ఎక్కింది, వెనకాలే భార్య. తాత మెట్టు మీద కాలు పెట్టాడు.

"నువ్వొద్దు నాన్నా," అంది కూతురు మెల్లిగా. "దగ్గుతావు."

కాలు దించాడు. తలుపు పడింది. బండి మలుపు తిరిగి కూత వినపడనంత దూరం పోయేదాకా రోడ్డు మీదే నిలబడి, చెప్పులు తీసుకుందామని ఆసుపత్రి లోపలికొచ్చాడు.

గదిలో ఎవరూ లేరు. మంచం మీద, పాప తల కింద పెట్టిన మడత గుడ్డ అలాగే ఉంది, మధ్యలో బత్తాయంత గుంటతో.