బుడ్డోడి వయసు

నేను డ్రైవింగ్ నేర్పిస్తాను. మా కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల కింద ఒక బ్రేకు, నా కాళ్ల కింద ఇంకో బ్రేకు ఉంటాయి. అందుకేనేమో, లోకంలో ఏ ప్రమాదం జరిగినా ఎవరో ఒకరు బ్రేకు తొక్కాల్సినప్పుడు తొక్కకపోవడం వల్లే జరుగుతుందని నా గట్టి నమ్మకం. ప్రతి సొట్ట వెనకా ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషిని పట్టుకుని దులిపేస్తే తప్ప నాకు ముద్ద దిగదు. పోయిన నెల దొరికిన మనిషి మా ఆయన.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఎవరైనా మధ్యలో ఇరుక్కుపోతే ఈయన తలుపు అవతల నిలబడి, "కంగారు పడకండి, అయిపోయింది, వచ్చేశాం" అంటూ ఉండాలి. ఆ పనివల్ల వచ్చిన గొంతో, ఆ గొంతువల్ల దొరికిన పనో తెలీదు గానీ, పెళ్లయిన దగ్గర్నుంచి నాతోనూ అదే గొంతు. నేను అరుస్తాను, ఆయన వింటారు. మా కాపురం అలా సాఫీగానే సాగిపోతోంది.

మేమిద్దరం అరుపులు లేకుండా పక్కపక్కన కూర్చునే చోటు ఇంట్లో ఒక్కటే. హాల్లో ఉన్న ఉప్పునీళ్ల తొట్టి. అందులో పగడాలు, ఒక జత నారింజరంగు చారల చేపలు. సాయంత్రం పని నుంచి రాగానే చెరో కుర్చీ లాక్కుని దాని ముందు చేరతాం. ఆ చారల చేపలు జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్లకి పైనే బతుకుతాయని ఎక్కడో చదివాను. అది చదివిన దగ్గర్నుంచీ చేపల విషయంలో నాకు ఒకరు చెప్పేదేమిటని కళ్లు నెత్తికెక్కాయి.

అలాంటి రోజుల్లోనే దుకాణంలో బుడ్డోడు కనిపించాడు. చిటికెన వేలి గోరంత చేప. ఒంటినిండా ఎర్రచుక్కలు. ముందు రెక్కలు ఆనించుకుని రాయి మీద కూర్చుని, నన్నే ఎగాదిగా చూస్తున్నాడు. "అయ్యో, పసివాడండీ!" అన్నాను. పసివాడని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎవర్నైనా అడిగానా అంటే అదీ లేదు. ఆయన డబ్బులిస్తుంటే, నేను బయట మా స్కూటర్‌కి అడ్డంగా కారు పెట్టిన పెద్దమనిషికి పాఠం చెప్పే పనిలో ఉన్నాను.

వాడు ఎదిగాక ఇరుకవుతుందని పాతదాని బదులు పెద్ద తొట్టి తెప్పించి, చేపలన్నిటినీ అందులోకి మార్పించాను. దానికి చోటు చాలకపోతే సోఫా తీసి బాల్కనీలో పడేయించాను. గోరంత చేపకి! అయినా వాడు ఎదగడే. "మీరు తిండి సరిగ్గా వేయట్లేదు" అని ఆయన్ని సతాయించాను. ఆయన తిండిని ఇంకా మెత్తగా నలిపి, వాడి మూతి దగ్గరికే వదిలేవారు. తర్వాత తర్వాత వాడు రాయి మీద నుంచి కదలడం తగ్గించాడు. "ఎదిగే వయసు కదా, నిద్ర ఎక్కువే ఉంటుంది" అని నేనే తేల్చేశాను. ఆయన "ఊ" అన్నారు. ఆ "ఊ" ఏమిటని కూడా అడగలేదు నేను.

ఒక మధ్యాహ్నం క్లాసు ముగించుకుని ఇంటికొచ్చేసరికి బుడ్డోడు రాయి కింద పక్కకి ఒరిగి ఉన్నాడు. పొద్దున నీళ్లు మార్చింది ఆయన. నాకు ఇంకేం కావాలి? అప్పుడే భోజనానికొచ్చిన ఆయన చెయ్యి లాక్కుని వాసన చూశాను. గ్రీజు వదిలించుకునే ఘాటు సబ్బు.

"ఈ చెయ్యే నీళ్లలో పెట్టారా?"

ఆయన తొట్టి వంక చూశారు, నా వంక చూశారు. "పెట్టానేమో."

"ఏమో ఏమిటి ఏమో!"

"పెట్టాను. నాదే తప్పు."

దోషి దొరికాడు. ఇక నా నోటికి అడ్డేముంది? పసివాణ్ణి పొట్టన పెట్టుకున్నారన్నాను. ఇకమీదట తొట్టి ఛాయలకి రావద్దన్నాను. ఆయన తన కుర్చీ ఎత్తుకుని పడగ్గదిలోకి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచీ హాల్లోంచి వెళ్లాల్సి వస్తే, గాజుసామాను కొట్లో తిరిగినట్టు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడిచేవారు. అది చూసి నా గుండె చివుక్కుమనేది. అలాగని రమ్మని పిలుస్తానా? తగ్గడం మన ఒంట్లో లేదే!

సాయంత్రాలు ఒక్కదాన్నే కూర్చున్నాను. చారల చేపలు నా వైపు చూసి, ఖాళీచోటు వైపు చూసి, తిరిగి వెళ్లిపోయేవి. నిజం చెప్పొద్దూ, ఏమీ బాగాలేదు. ఆయన కుర్చీ మళ్లీ అక్కడికి రావాలి, నేను తప్పయిందని అనకుండా రావాలి. దానికో ఉపాయం తట్టింది. ఇంకో బుడ్డోణ్ణి తెచ్చి, పోనీలెమ్మని ఆయన్ని మన్నించేస్తే సరి. ఎంత పెద్ద మనసో నాది!

దుకాణం ఆవిడ తొట్లు కడుగుతోంది. "ఈసారి గట్టి పిల్లనివ్వండి. పోయినసారిది నాలుగు నెలలకే మా ఆయన సబ్బు చేతులకి బలైపోయింది" అన్నాను.

"పిల్లేమిటమ్మా? ఆ రకం అంతే ఉంటుంది. మేము అమ్మేవన్నీ ఎదిగినవే. సబ్బే అయితే మీ చారలవి కూడా పోవాలిగా?"

అవి నిక్షేపంగా ఉన్నాయి.

"వాటి ఆయుష్షే అంత. సముద్రంలో అయితే వారాలే. మీ దగ్గర నాలుగు నెలలున్నాడంటే పండు ముసలాణ్ణి చేసి పంపారన్నమాట. మీ ఆయనకి ఆ రోజే చెప్పానే! మీరు బయట ఎవరినో తిడుతున్నారు."

ఎదిగే వయసు నిద్రట! తాతగారిని పట్టుకుని పసివాడని ముద్దుచేసి, ఎదగడం లేదని బెంగపడి, ఆ తాతగారు పెద్దయ్యాక ఉండడానికి ఇల్లు కట్టించాను. ఇంటికి బస్సులో వస్తూ దారంతా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన పడగ్గదిలో ఏదో స్విచ్చు విప్పుకుని కూర్చున్నారు.

"వాడు ముసలాడని మీకు ముందే తెలుసా?"

"ఊ."

"మరి చెప్పరేం?"

"నేను దుకాణం మెట్లు దిగకుండానే నువ్వు పెద్ద తొట్టి గురించి మొదలెట్టావు. అంత సంబరంలో ఎలా చెప్పను?"

"పోనీ, పోయాకైనా? నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే?"

ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టారు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు అరుస్తున్నంతసేపూ నాకు భయం ఉండదు. అరుపు ఆగిపోతేనే చేతులాడవు. వాడికి వయసైపోయిందంటే ఇంక నువ్వెవర్ని తిడతావు? నన్ను తిట్టుకో, పరవాలేదు అనుకున్నా."

ఇలాంటి మాటకి తిరిగి ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. జన్మలో మొదటిసారి ఏమీ రాలేదు.

"ఏమయింది? ఏదో ఒకటి అను" అన్నారాయన, లేచి నిలబడి.

నేను ఆయన కుర్చీ ఎత్తుకుని హాల్లోకి తెచ్చి, నా కుర్చీకి ఆనించి పెట్టాను. ఆయన వెనకే వచ్చి, తొట్టికి దూరంగా, చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డారు. ఆయన కుడిచెయ్యి ముందుకి లాగి అరచేతిలో చిటికెడు తిండి పెట్టాను.

"ఇందాకే సబ్బుతో కడిగాను..."

"వేయండి" అన్నాను. అప్పటికే నాకు ఏడుపు వచ్చేసింది. ముక్కు ఎగబీలుస్తూ, దుకాణం ఆవిడ చూస్తే నవ్వేటంత ఏడుపు.

ఆయన ఒక చేత్తో తిండి నీళ్లలో రాల్చి, రెండో చెయ్యి నా వీపు మీద వేశారు.

"కంగారు పడకు" అన్నారు. "అయిపోయింది. వచ్చేశాం."